గోరంత లోతు

మూడు శుక్రవారాలుగా డప్పు మోగడం లేదు.

మొదటి శుక్రవారం మక్కీ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. డప్పు కొట్టే ముసలాయనకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. రెండో శుక్రవారం డప్పుతో పాటు జనమూ పల్చబడ్డారు. మూడోసారి సాయంత్రపు ప్రార్థన ముగించి, పాట ఎత్తుకుందామని తలెత్తి చూస్తే, అరవై మంది చేరే వాకిట్లో పదకొండు మంది ఉన్నారు.

అక్కడ పాట నడిపించే పని మక్కీది. షేక్ జుబారా గారు తన నోటితో అప్పగించిన పని.

షేక్ గారి వాకిలి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. సూడాన్ దేశంలో పడమటి వైపు కొర్దొఫాన్ అనే మెట్టసీమ ఉంది. అంతా ఇసుక నేల. ఏడాదికి మూడు నెలలు వాన, తొమ్మిది నెలలు ఎండ. అక్కడ నాలుగు గడ్డి గుడిసెలు, వాటి మధ్య ఊడ్చి చదును చేసిన నేల. అదే వాకిలి. శుక్రవారం పొద్దు వాలుతుంటే జనం అక్కడ చేరి, వరుసలుగా నిలబడి, దేవుడి పేరు తలచుకుంటూ పాడేవారు.

వాకిలి దాటి అడుగు పెడితే ఎటు చూసినా హషాబ్ చెట్లే. మన తుమ్మకు వేలువిడిచిన చుట్టం ఆ చెట్టు. మనిషికి రెండింతల ఎత్తు దాటి పెరగదు. కణుపు కణుపుకూ పిల్లిగోళ్ళలా వంకర తిరిగిన మూడు ముళ్ళు. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. కానీ దాని ఆకు ఒంటెలకు, కాయ మేకలకు, నార తాళ్ళకు, ఎండిన కొమ్మ పొయ్యిలోకి. దాని వేరు పట్టి ఉంచకపోతే ఆ నేల ఏనాడో గాలికి లేచిపోయేది. ఇక దాని బంక సంగతి చెప్పనక్కర్లేదు. అది ఓడలెక్కి ఊరూరూ తిరుగుతుంది. ఆ సీమలో సగం మంది ఆ బంక తీసే బతుకుతారు.

డప్పు కొట్టే ఖమీస్ ఆ పని చేసేవాళ్ళకు పెద్ద. పుట్టింది దక్షిణాన కొండల్లో. నలభై ఏళ్ళ కిందట, మీసాలు మొలిచే వయసులో, కొండ దిగి బంక పనికి వచ్చాడు. అతని వెనకే అతనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఇప్పుడు నలభై గుడిసెలయ్యాయి. షేక్ గారి వాకిలికి మొదట వచ్చింది ఖమీసే. అతన్ని చూసి మిగతా కొండవాళ్ళు వచ్చారు.

మక్కీ సంగతి వేరు. నైలు నది ఒడ్డున పెద్ద నగరంలో పదేళ్ళు చదువుకుని వచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు. గొంతు కంచులా ఉంటుంది. వ్యాకరణం కొట్టినపిండి. అతని నోట్లో అక్షరం జారగా విన్నవాళ్ళు లేరు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

డప్పు ఆగిపోకముందు, చివరి శుక్రవారం జరిగింది ఇది.

వాళ్ళు పాడే పాటలో ఒక చరణం ఉంది. ‘దేవా, నా హృదయాన్ని కడిగి తెల్లగా చెయ్యి’ అని దాని అర్థం. హృదయాన్ని ఆ భాషలో ఖల్బ్ అంటారు. మొదటి అక్షరం గొంతు లోతుల్లోంచి రావాలి. అలా రాకుండా నోటి ముందు భాగంలోనే తేలిపోతే అది కల్బ్ అవుతుంది. కల్బ్ అంటే కుక్క.

ఖమీస్‌కు ఆ అక్షరం ఎన్నడూ పలకలేదు. డప్పు వాయిస్తూ, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ, నలభై ఏళ్ళుగా కల్బ్ అనే పాడుతున్నాడు.

మక్కీ చెయ్యెత్తి పాట ఆపేశాడు.

“ఒక్క నిమిషం. ఖమీస్ బాబాయ్ తన కుక్కను కడిగిపెట్టమని దేవుణ్ణి అడుగుతున్నాడు. ముందు ఆ సంగతేదో తేల్చుకుందాం.”

వాకిలంతా గొల్లున నవ్వింది. ముందు వరుసలో ఒకాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కొండవాళ్ళలో కుర్రకారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

ఖమీస్ కళ్ళు తెరిచాడు. చేతిలోని కర్ర డప్పు మీద జాగ్రత్తగా పెట్టాడు. చెప్పులు వేసుకుని, షేక్ గారికి తల వంచి, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పదకొండు మందే మిగిలిన ఆ మూడో శుక్రవారానికి మర్నాడు, శనివారం పొద్దున్నే మక్కీ గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. షేక్ జుబారా గుడిసె నీడన కూర్చుని, హషాబ్ నారతో తాడు పేనుతున్నారు. డెబ్బై దాటిన మనిషి. వేళ్ళు మాత్రం చకచకా ఆడుతున్నాయి.

“గురువుగారూ, ఒక మాట అడగాలి.”

“అడుగు.”

“ఆ రోజు నేనన్నది నిజమా, అబద్ధమా?”

“నిజమే.”

“తప్పును తప్పనడం తప్పా?”

“కాదు.”

“మరి నేను చేసిన పాపం ఏమిటి? పెద్దవాడైతే దేవుడి ముందు తప్పు పలకొచ్చా? అక్షరానికి వయసుతో పనేముంది? ఇవాళ ఊరుకుంటే రేపు పాటంతా ఇలాగే తయారవుతుంది.”

షేక్ తాడు చివర ముడి వేసి, లాగి చూసుకున్నారు.

“బంక కాలం మొదలైంది. ఖమీస్ తమ్ముడికి కాలు విరిగిందట. తోటలో ఒక మనిషి తక్కువ పడ్డాడు. నువ్వెళ్ళు.”

“క్షమించమని అడగడానికా?”

“బంక తియ్యడానికి.”

“నాకు ఆ పని రాదు, గురువుగారూ.”

“అందుకే వెళ్ళమంటున్నా. నువ్వు గాటు పెట్టిన చెట్టు బంక నాలుగు ఉండలు తీసుకురా. అప్పుడు నీ ప్రశ్న సంగతి చూద్దాం.”

ఖమీస్ తోట రెండు కోసుల దూరం. మక్కీ మర్నాడు తెల్లవారుతూనే బయలుదేరాడు. దారి పొడుగునా ఒకటే అనుకున్నాడు. పదేళ్ళు వ్యాకరణంతో కుస్తీ పట్టినవాడికి చెట్టు బెరడు ఒక లెక్కా? వారంలో నేర్చుకుంటాను, బంక పట్టుకెళ్తాను, జవాబు అడుగుతాను.

గుడిసె ముందు ఖమీస్ భార్య కల్తూమ పొయ్యి రాజేస్తోంది. మక్కీని చూసి నడుం నిటారు చేసింది.

“రండి మౌల్వీగారూ. చూసి అడుగెయ్యండి. మా ఇంట్లో కుక్క ఉంది. దాన్ని ఇంకా ఎవరూ కడగలేదు.”

“కల్తూమా!” అన్నాడు ఖమీస్ లోపలి నుంచి.

మక్కీ చెవులు ఎర్రబడ్డాయి. అందుకు తగ్గ జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. ఖమీస్ బయటికి వచ్చి, చాప పరిచి, అతనికి ఎర్రగోంగూర రేకుల కషాయం పోసి ఇచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు. షేక్ గారు పంపారని మక్కీయే చెప్పాడు.

“మంచిది. చెయ్యి సాయం కావలసిన సమయమే ఇది” అని ఖమీస్ చిన్న గొడ్డలి ఒకటి అతని చేతిలో పెట్టాడు.

చెట్లు ఆకు రాలుస్తున్న రోజులవి. ఆకు పచ్చగా ఉండగా గాటు పెడితే బంక రాదు. పూర్తిగా మోడయ్యాక పెట్టినా రాదు. ఖమీస్ ఒక చెట్టు దగ్గర ఆగి, ముళ్ళు తప్పిస్తూ ఒక కొమ్మ ఎంచుకున్నాడు. గొడ్డలి అంచుతో బెరడును చిన్నగా గిల్లినట్టు గిల్లి, అంచును పైకి లేపి, లేచిన కొసను వేళ్ళతో పట్టుకుని కిందికి లాగాడు. రెండు వేళ్ళ వెడల్పున, జానెడు పొడవున బెరడు పట్టీలా ఊడి వచ్చింది. దాని కింద లేత పసుపు రంగులో తడి మెరిసింది.

“ఇంతే. గోరంత లోతు. పైతోలు తియ్యాలి, ఎముక ముట్టకూడదు.”

“ఇంతేనా?” అన్నాడు మక్కీ.

“ఇంతే.”

మక్కీ చేతుల్లో బలముంది. పట్టుదల అంతకంటే ఎక్కువ. మధ్యాహ్నానికి ఖమీస్ పంతొమ్మిది చెట్లు పూర్తి చేస్తే, మక్కీ ముప్పై ఒకటి చేశాడు. ప్రతి చెట్టు దగ్గరా, కాస్త గట్టిగా వేస్తే కాస్త ఎక్కువ బంక వస్తుంది కదా అనుకున్నాడు. ముళ్ళకు మోచేతులు చీరుకుపోయినా వెనక్కి తిరిగి తన చెట్ల వరుస చూసుకుంటే ఛాతీ పొంగింది.

భోజనాల వేళకు పక్క తోటల కొండవాళ్ళు కూడా చేరారు. వాళ్ళలో కూకూ అనే నోటి దురుసు మనిషి ఉన్నాడు. వస్తూ వస్తూ మక్కీ వరుసలోని ఒక చెట్టు దగ్గర ఆగిపోయాడు.

“ఓరి నాయనో! ఏ గాడిద నరికింది దీన్ని?”

నలుగురూ వెళ్ళి చూశారు. బెరడు తెగి, దాని కింద కట్టె కూడా తెల్లగా చీలి కనబడుతోంది. కూకూ పక్క చెట్టు చూశాడు. దాని పక్కది చూశాడు. తర్వాత అతని చూపు తిన్నగా మక్కీ చేతిలోని గొడ్డలి మీదికి వచ్చింది. పెదవులు విచ్చుకుంటున్నాయి.

ఇప్పుడు ఏ మాట వస్తుందో, ఎవరు ముందు నవ్వుతారో, మక్కీకి ఒక్క క్షణంలో అంతా కనబడింది.

“నా తోటలో జరిగిందంటే నేను చేసినట్టే, కూకూ” అన్నాడు ఖమీస్. “పద పద. సంకటి చల్లారిపోతోంది.”

గొంతు పెంచలేదు. తగ్గించలేదు. కూకూ భుజం మీద చెయ్యి వేసి పొయ్యి వైపు నడిపించుకుపోయాడు. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. జొన్న సంకటి, ఎండు బెండకాయ పులుసు. మక్కీ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఖమీస్ తన వైపున్న పులుసు చేత్తో అతని వైపు తోశాడు.

“తిను. మధ్యాహ్నం ఎండ గట్టిది.”

అందరూ వెళ్ళిపోయాక ఖమీస్ అతన్ని ఆ చెట్ల దగ్గరికి తీసుకువెళ్ళాడు. మక్కీ చూపుడువేలు పట్టుకుని గాటులో పెట్టాడు.

“ఎలా ఉంది?”

“గట్టిగా.”

అతని వేలును తాను పెట్టిన గాటు మీదికి జరిపాడు.

“ఇది?”

“మెత్తగా. తడిగా ఉంది.”

“గొడ్డలికి గట్టిది తగిలే లోపే చెయ్యి ఆగాలి. కంటితో చూసి ఆపలేవు. చేతికే తెలియాలి. రేపటికి తెలుస్తుంది.”

రేపటికి తెలియలేదు. నాలుగో రోజుకు తెలిసింది. ఆ రోజు మక్కీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏడంటే ఏడు చెట్లు చేశాడు. ఏడో చెట్టుకు గాటు పెట్టినప్పుడు బెరడు పాత కాగితంలా సుతారంగా లేచి వచ్చింది. అది చిన్న చెట్టు, వంకర తిరిగిన మాను. దాని కొమ్మకు గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకున్నాడు.

గాటు పెట్టగానే బంక రాదు. చెట్టు తన గాయాన్ని తానే మూసుకోవడానికి ఊరించే రసం అది. నెలా పదిహేను రోజులు పడుతుంది. ఈలోగా మక్కీ తిరిగి వెళ్ళొచ్చు. కానీ ఉండిపోయాడు. ఒంటెలు తోటలో పడకుండా ముళ్ళకంప కట్టాడు. మేకలకు కాయలు దులిపాడు. అక్కడ బూరుగులా బలిసిన పెద్ద చెట్ల మానులు తొలిచి, వాటి బోలులో వాననీళ్ళు దాచుకుంటారు. ఆ చెట్లెక్కి తోలుబొక్కెనతో నీళ్ళు తోడాడు. కల్తూమ ఇప్పుడు అతన్ని మౌల్వీగారూ అనడం మానేసి, “ఒరే మక్కీ, కట్టెలు” అంటోంది.

ఖమీస్‌తో ఆ శుక్రవారం మాట ఎత్తాలని రోజూ అనుకునేవాడు. అక్షరాలన్నీ వచ్చిన నోటికి ఆ ఒక్క మాట మాత్రం వచ్చేది కాదు.

మూడో వారం శుక్రవారం, పొద్దు వాలుతుండగా, నీళ్ళతిత్తి భుజాన వేసుకుని వస్తున్నాడు. తోట అవతల నుంచి పాట వినబడింది. తను నడిపించే పాటే. నలభై గొంతులు. అక్షరాలు ఎక్కడ పడితే అక్కడ దొర్లిపోతున్నాయి. రాగం వాన వెలిసిన వాగులా దాని ఇష్టం వచ్చినట్టు పారుతోంది. కింద ఖమీస్ ఇంటి డప్పు మాత్రం గుండెలా, తప్పకుండా, పడుతోంది. షేక్ గారి వాకిట్లో ఇంత నిండుగా పాట తను ఎన్నడూ వినలేదని మక్కీకి అనిపించింది. వినాలని చెట్లు దాటి వచ్చాడు.

అతన్ని ముందు కూకూ చూశాడు. పాడుతున్నవాడు చటుక్కున దగ్గాడు. పక్కవాడు ఆగాడు. ఒకరి తర్వాత ఒకరు, దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్టు, అందరూ ఆగిపోయారు. ఆఖరికి డప్పూ ఆగింది.

ఎవరి ముఖంలోనూ కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని మక్కీకి అనిపించింది. పంతులు బడిలోకి వచ్చినప్పటి పిల్లల్లా, అంత పెద్ద మనుషులూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు.

“నీళ్ళు తెచ్చాను” అన్నాడు మక్కీ. తిత్తి దింపి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడు వారాలకు మొదటి బంక తీసే రోజు వచ్చింది. చలి దిగిన పొద్దు. ఆకు పూర్తిగా రాలిపోయి తోటంతా ముళ్ళే మిగిలాయి. ఆ ముళ్ళ మధ్య, ఖమీస్ గాటు పెట్టిన చోటల్లా, ఉసిరికాయంత ఉండలు, తేనె రంగులో, ఎండ పడి లోపల దీపం ఉన్నట్టు వెలుగుతున్నాయి. మక్కీ పరుగులాంటి నడకతో తన గుడ్డపీలిక చెట్టు దగ్గరికి వెళ్ళాడు. వంకర కొమ్మ మీద ఐదు ఉండలు. ఒకటి ఇంకా మెత్తగానే ఉంది. నాలుగు తియ్యాలి. తీశాడు.

తర్వాత మొదటి రోజు చేసిన వరుస వైపు నడిచాడు.

ముప్పై ఒక్క చెట్లలో ఎనిమిదింటికి బంక ఉంది. మిగిలిన ఇరవై మూడింటికి ఏమీ లేదు. గాయాలు నల్లబడి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటిలో పురుగు దూరింది. మొదళ్ళలో పిండిలా కట్టెపొట్టు రాలి ఉంది. కొన్ని కొమ్మలు ముట్టుకుంటే పుల్లల్లా విరిగాయి.

ఖమీస్ రంపం పట్టుకుని వచ్చాడు. ఎండిన కొమ్మల్ని గాయం కింది నుంచి ఒక్కొక్కటే కోయడం మొదలుపెట్టాడు. కొమ్మ పోతే పోయింది, పురుగు మానులోకి దిగకుండా ఉంటుంది. మక్కీ రెండో కొస పట్టుకున్నాడు. అలా తొమ్మిది చెట్లు పూర్తి చేశారు.

పదో చెట్టు దగ్గర మక్కీ రంపం వదిలేశాడు.

“బాబాయ్, ఈ చెట్లు ఇలా అవుతాయని నీకు ఆ రోజే తెలుసు.”

“తెలుసు.”

“నాకెందుకు చెప్పలేదు? అందరి ముందూ కూకూ నోరు మూయించావు. నాకు వేలు పెట్టి చూపించావు. ఇరవై మూడు చెట్లు పాడుచేశావని మాత్రం అనలేదు.”

“అని ఉంటే మర్నాడు గొడ్డలి పట్టేవాడివా?”

మక్కీ కింద పడిన కట్టెపొట్టు వైపు చూశాడు. పట్టేవాడు కాదు. ఆ సాయంత్రమే ఏదో ఒక కారణం చెప్పి వెళ్ళిపోయేవాడు. జన్మలో మళ్ళీ ఈ తోట వైపు వచ్చేవాడు కాదు.

“ఆ శుక్రవారం నేను...” అన్నాడు.

“కూర్చో” అన్నాడు ఖమీస్. తనూ ఇసుకలో కూర్చున్నాడు. “నేను తప్పు పలుకుతున్నానని నాకు తెలుసు మక్కీ. నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ అక్షరం మా కొండ భాషలో లేదు. నా నోటికి దాని దారి తెలియదు.”

“షేక్ గారు ఎప్పుడూ దిద్దలేదా?”

“దిద్దారు. నా పెళ్ళైన ఏడు. పక్కకు తీసుకెళ్ళి, చెవిలో చెప్పారు. చాలా రోజులు కూర్చోబెట్టి నేర్పారు. రాలేదు. అప్పట్నుంచి ఆ చరణం వచ్చేసరికి నా పక్కకు జరిగి, కాస్త గొంతు పెంచి పాడేవారు.”

మక్కీ తలెత్తాడు. నాలుగేళ్ళుగా షేక్ గారి పాట వింటున్నాడు. ఆ చరణం దగ్గర ఆయన గొంతు ఎందుకు పెరుగుతుందో ఏనాడూ ఆలోచించలేదు. భక్తి అనుకున్నాడు.

“నేను వాకిలికి రావడం మానింది కోపంతో కాదు” అన్నాడు ఖమీస్. “కోపం నాలుగు రోజులు ఉంది, పోయింది. ఆ తర్వాత వాకిలికి వద్దామని లేస్తే, అక్కడ నోరు తెరవడానికి భయం వేసింది. అరవై దగ్గరపడ్డ వాణ్ణి. చిరుతలు తిరిగే కొండల్లో పుట్టాను. దేవుడి ముందు ఏనాడూ భయపడలేదు. నీ ముందు భయం వేసింది.”

మక్కీ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఖమీస్ అతన్ని ఓదార్చలేదు. రంపం పళ్ళకు పట్టిన పొట్టు తుడుచుకుంటూ అన్నాడు.

“ఏడుపు తర్వాత. ఆ అక్షరం నాకు నేర్పు.”

“ఇప్పుడా?”

“నేను నీకు గాటు నేర్పలేదా? నీ చేతికి నాలుగు రోజులు పట్టింది. నా గొంతుకు ఎన్నాళ్ళు పడుతుందో చూద్దాం.”

ఆ రోజు నుంచి చెట్టు చెట్టుకూ పాఠం నడిచింది. నాలుక వెనక్కి పోనియ్యి అంటాడు మక్కీ. పోయింది, ఇంక పోతే మింగేస్తాను అంటాడు ఖమీస్. నీళ్ళు పుక్కిలించినట్టు, ఒంటె గొణిగినట్టు, గొంతులో ముల్లు పడినట్టు, ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాడు మక్కీ. నగరంలో పదేళ్ళు చదివినా ఆ అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో ఇంతగా వెతుక్కోవలసిన అవసరం అతనికి రాలేదు. కల్తూమ నవ్వలేక పొయ్యి దగ్గర కూలబడింది. “ఇద్దరూ కలిసి ఒంటెల్ని బెదరగొడుతున్నారు” అంది. పదిసార్లలో ఒకసారి పలికేది. పలికినప్పుడల్లా ఖమీస్ గొడ్డలి పైకెత్తి చిన్నపిల్లాడిలా కేక పెట్టేవాడు.

మూడో రోజు కూకూ వచ్చి కాస్త దూరంగా నిలబడి విన్నాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, తనూ ఒకసారి ప్రయత్నించాడు. అతనికి మొదటిసారే వచ్చింది. దాన్ని చూసుకుని అతను వారం రోజులు ఎవరినీ బతకనివ్వలేదు.

ఆ వారం గడిచాక వచ్చిన శుక్రవారం ఉదయం మక్కీ వాకిలికి తిరిగి వచ్చాడు. షేక్ జుబారా గుడిసెలో ఉన్నారు. మక్కీ గుడ్డ విప్పి నాలుగు బంక ఉండలు ఆయన ముందు పెట్టాడు. చేతుల నిండా ముళ్ళ గీతలు. ముఖం ఎండకు నల్లబడింది.

షేక్ ఒక ఉండ తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశారు.

“మంచి బంక.”

దాన్ని రాతితో చితక్కొట్టి, చిన్న గిన్నెలో నీళ్ళు పోసి కరిగించారు. నిదానంగా తాగి గొంతు సవరించుకున్నారు.

“పది రోజులుగా గొంతు పట్టేసింది. దీనికి ఇదే మందు” అన్నారు. గిన్నె పక్కన పెట్టి మక్కీ వైపు చూశారు. “నీకేదో ప్రశ్న ఉండాలి. అడుగు.”

మక్కీ మిగిలిన మూడు ఉండల్ని గుడ్డలో చుట్టి గిన్నె పక్కన పెట్టాడు.

“సాయంత్రం ఖమీస్ బాబాయ్ వస్తానన్నాడు, గురువుగారూ” అన్నాడు. “డప్పు తోలు బిగించాలి. వదులైపోయి ఉంటుంది.”

“బిగించు” అన్నారు షేక్.

పొద్దు వాలేవేళకు వాకిలి నిండింది. కొండవాళ్ళు నలభై గుడిసెల నుంచీ వచ్చారు. ముందు వరుసలో ఆ వేళ పొట్ట పట్టుకుని నవ్విన పెద్దమనిషి లేచి, ఖమీస్‌కు దారి ఇచ్చాడు. డప్పు మోగింది. మక్కీ పాట ఎత్తుకున్నాడు.

ఆ చరణం దగ్గర పడింది. మక్కీ గొంతు అంతకు ముందు ఎన్నడూ ఆగని చోట ఆగింది. నిండుగా ఒక ఊపిరి తీసుకునేంత సేపు. వాకిలంతా అతనితో పాటు ఆగింది. గట్టి గొంతులవాళ్ళు, ముసలివాళ్ళు, వెనక వరుసలో పాట వేగం అందుకోలేక వెనకబడేవాళ్ళు, అందరూ ఒక్క చోటికి చేరుకున్నారు. అప్పుడు డప్పు పడింది. అరవై గొంతులూ ఒక్కసారిగా ఆ మాట అన్నాయి.

ఖమీస్ నోట ఆ అక్షరం సరిగ్గా పడిందో లేదో ఆ హోరులో ఎవరికీ తెలియలేదు. మక్కీ చెవి అటు పెట్టనేలేదు. కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

పాట ముగిసి అందరూ వెళ్ళాక, షేక్ జుబారా అతని భుజం ఆసరాగా పట్టుకుని లేచారు.

“ఇవాళ పాట నెమ్మదిగా సాగింది.”

“అవును, గురువుగారూ.”

“ఇలాగే నడిపించు” అన్నారు షేక్. “నాకూ ఊపిరి అందింది.”